వరసగా 74 ఆటలు గెలవడం నిజంగా సాధ్యమేనా?

మీరు అడిగింది రెండు ముక్కలు. అమెరికా టీవీ క్విజ్ జెపర్డీలో కెన్ జెనింగ్స్ అనే ఆయన 2004లో వరసగా 74 ఆటలు గెలిచాడని చదివారు. ఇది ముందే మాట్లాడుకుని ఆడిన నాటకమా అన్నది మొదటి ప్రశ్న. నిజమే అయితే ఒక మనిషికి అంత జ్ఞాపకశక్తి ఎలా వస్తుంది, సాధన చేస్తే మనకూ వస్తుందా అన్నది రెండోది.

నాటకం కాదు. ఇక రెండోదాని సంగతి: మీరు జ్ఞాపకశక్తి దగ్గరే ఆగిపోయారు, అసలు కథ దాని అవతల ఉంది. నేను చాలా ఏళ్లు క్విజ్‌లు ఆడాను. ఆ తర్వాత అంతకంటే ఎక్కువ ఏళ్లు ప్రశ్నలు తయారు చేస్తూ వచ్చాను. ఆ అనుభవంతో చెబుతున్నాను, ఒక ఆట గెలవడానికి బాగా తెలిసి ఉంటే చాలు. ముప్పై, నలభై ఆటలు వరసగా గెలవాలంటే మాత్రం బజర్ నొక్కే బొటనవేలు మన మాట వినాలి, పందెం లెక్క రావాలి. జవాబులు తెలియడం అనేది ఆ స్టేజి మీదికి వెళ్లడానికి టికెట్ లాంటిది. ఆ టికెట్ ముగ్గురి దగ్గరా ఉంటుంది.

ముందు అనుమానం సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అది ఊరికే పుట్టింది కాదు. 1950ల్లో అమెరికాలో ట్వంటీ వన్ అనే క్విజ్ షో వచ్చేది. హెర్బర్ట్ స్టెంపెల్ అనే ఆయన అందులో వారాల తరబడి గెలిచాడు. ఎలా గెలిచాడంటే, జవాబులు నిర్మాతలే ముందుగా ఇచ్చేవాళ్లు. నుదుటి చెమట ఎలా తుడుచుకోవాలో కూడా నేర్పేవాళ్లు. కొన్నాళ్లకి ఆయన మొహం చూసి జనానికి విసుగొచ్చిందని వాళ్లకే అనిపించి, కొలంబియా యూనివర్సిటీలో పాఠాలు చెప్పే చార్లెస్ వాన్ డోరెన్ అనే అందగాడి చేతిలో ఓడిపొమ్మన్నారు. తప్పు చెప్పమన్న ప్రశ్నల్లో ఒకటి, 1955కి ఉత్తమ చిత్రంగా ఆస్కార్ గెలిచిన సినిమా ఏది అని. జవాబు మార్టీ. అది స్టెంపెల్‌కి ఎంతో ఇష్టమైన సినిమా. తెలిసి తెలిసి, దేశమంతా చూస్తుండగా తప్పు చెప్పాడు. డబ్బు పోయినదానికంటే ఈ ఒక్క ప్రశ్నే ఆయన్ని ఎక్కువ బాధపెట్టి ఉంటుందని నాకనిపిస్తుంది. తనకి బాగా తెలిసినదాన్ని తెలియదని చెప్పాల్సి రావడం ఏ క్విజ్ ఆటగాడికైనా నరకమే.

వాన్ డోరెన్ 1957 మార్చి దాకా గెలిచాడు. 1,29,000 డాలర్లు వచ్చాయి, టైమ్ పత్రిక ముఖచిత్రం మీదికీ ఎక్కాడు. చివరికి 1959 నవంబరు 2న అమెరికన్ కాంగ్రెస్ కమిటీ ముందు అంతా ఒప్పుకున్నాడు. మరుసటి ఏడాది చట్టం సవరించి, టీవీ క్విజ్‌లో ఫలితాన్ని ముందే నిర్ణయించడాన్ని నేరం చేశారు. జెపర్డీ పుట్టింది కూడా ఈ గొడవ నీడలోనే. మెర్వ్ గ్రిఫిన్ కొత్త క్విజ్ షో కోసం ఆలోచిస్తుంటే, పోటీదారులకి జవాబులు ముందే ఇస్తున్నారనే కదా గొడవ, అయితే జవాబులే ఇచ్చేసి ప్రశ్నలు చెప్పమంటే పోలేదా అని ఆయన భార్య సరదాగా అందట. 1964లో మొదలైన ఆ షోలో ఇప్పటికీ అదే పద్ధతి. తెర మీద జవాబు లాంటి క్లూ కనిపిస్తుంది, ఆటగాడు దాన్ని ప్రశ్న రూపంలో చెప్పాలి. సౌరకుటుంబంలో అతి పెద్ద గ్రహం ఇది అని క్లూ ఉంటే, వాట్ ఈజ్ జూపిటర్ అనాలి. చట్టం భయం అలాంటిది కాబట్టి, క్లూలు చూసిన సిబ్బందిని పోటీదారుల దరిదాపులకి రానివ్వరు.

నాటకం కాకపోతే మరి 2004కి ముందు ఇంత పెద్ద వరసలు ఎందుకు లేవు? ఇది మంచి ప్రశ్న, దీనికి జవాబు చాలా మామూలుది. రూలు ఒప్పుకోలేదు. 1984లో షో కొత్త రూపంలో మళ్లీ మొదలైనప్పటి నుంచి ఐదు ఆటలు గెలిస్తే దండం పెట్టి పంపించేసేవాళ్లు. 2003 సెప్టెంబరులో ఆ పరిమితి ఎత్తేశారు. ఓడిపోయే దాకా ఆడొచ్చు. దానికి రెండేళ్ల ముందే, 2001 చివర్లో, ప్రతి క్లూ విలువనీ రెట్టింపు చేసి ఉన్నారు. పరిమితి పోయిన నాలుగు నెలలకి ఒకాయన ఏడు ఆటలు గెలిస్తేనే అబ్బో అన్నారు. 2004 జూన్ 2న జెనింగ్స్ మొదటి ఆట ప్రసారమైంది. ఏడు కాస్తా 74 అయింది.

మనకి బాగా అలవాటైన కోటీశ్వరుడి తరహా షోలో ఇలాంటి వరసలకి చోటే లేదు. అక్కడ పోటీ మెట్లతో. హాట్ సీట్లో కూర్చున్నాక ఎదురుగా ప్రత్యర్థి ఉండడు, తొందర తక్కువ, అనుమానం వస్తే ఉన్న డబ్బు తీసుకుని లేచిపోవచ్చు. జెపర్డీలో గెలిచినవాడు తర్వాతి ఆటకి మళ్లీ నిలబడాలి, ఇద్దరు కొత్తవాళ్లతో. ఓడినవాడు బోర్డు మీద ఎంత సంపాదించినా అది చేతికి రాదు. ఆ రోజుల్లో రెండో స్థానానికి 2,000 డాలర్లు, మూడో స్థానానికి 1,000 డాలర్లు ఇచ్చి పంపేవాళ్లు. అందుకే అక్కడ నెమ్మదిగా, జాగ్రత్తగా ఆడటం అనేది పనికిరాని గుణం.

ఇప్పుడు బజర్. దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే ఇంట్లో కూర్చుని చూసేవాళ్లకి కనిపించనిది ఇదే. బోర్డు మీద ఆరు విభాగాలు, ఒక్కోదాంట్లో ఐదు క్లూలు. మొదటి రౌండులో 30, రెండో రౌండులో 30, ఆఖర్న ఒకటి. యాంకర్ క్లూ మొత్తం చదివి పూర్తి చేసేదాకా బజర్ పనిచెయ్యదు. చివరి అక్షరం నోట్లోంచి రాగానే సిబ్బందిలో ఒకరు బజర్లని ఆన్ చేస్తారు, బోర్డు పక్కన లైట్లు వెలుగుతాయి. అప్పుడు నొక్కాలి. ముందే నొక్కితే పావు సెకను పాటు మీ బజర్ మూగబోతుంది. పావు సెకను ఎంత అంటారా? లైటు చూసి వేలు కదిలించడానికి మామూలు మనిషికి పట్టే సమయం దాదాపు అంతే. అంటే తొందరపడి ఒక్కసారి ముందు నొక్కారంటే, పక్కవాడు లైటు చూసి తీరిగ్గా నొక్కినా మీకంటే ముందే ఉంటాడు.

క్లూ తెర మీద కనబడుతుంది కాబట్టి యాంకర్ చదివేలోపే ముగ్గురూ చదివేసుకుంటారు. చాలా క్లూలకి ముగ్గురికీ జవాబు తెలుసు. టీవీలో మీకు కనిపించేది ఒకడు టకటకా జవాబులు చెప్పడం, మిగతా ఇద్దరు బొమ్మల్లా నిలబడటం. ఆ ఇద్దరి చేతుల మీద కెమెరా పెడితే తెలుస్తుంది వాళ్ల బాధ. పిచ్చిపట్టినట్టు నొక్కుతూనే ఉంటారు.

నాకిది స్వయంగా తగిలిన దెబ్బ. ఒక పోటీ ఫైనల్లో, ముందు నొక్కితే ఆ ప్రశ్న పోయే పద్ధతి పెట్టారు. వరసగా ఐదు ప్రశ్నల్లో నాలుగింటికి జవాబు నా నాలుక చివర ఉంది. ఒక్కటీ నాకు రాలేదు. రెండు ముందుగా నొక్కి పోగొట్టుకున్నాను. దాంతో భయం పట్టుకుని తర్వాతి రెండూ ఆలస్యంగా నొక్కాను. నా పక్క టేబుల్ అమ్మాయి ప్రశ్న వైపు చూడనే లేదు. కళ్లు దించుకుని, క్విజ్ మాస్టర్ గొంతు వింటూ, వాక్యం ముగిసే చోట గొంతు కాస్త కిందికి దిగుతుంది చూడండి, సరిగ్గా అక్కడ నొక్కేది. ఆ రోజు ఇంటికొచ్చి రేడియో వార్తలు పెట్టుకుని, బాల్‌పెన్ను చేతిలో పట్టుకుని, ప్రతి వాక్యం చివర టిక్కుమనిపించడం మొదలుపెట్టాను. ఇంట్లోవాళ్లు రెండు రోజులు ఓపికపట్టి, మూడో రోజు పెన్ను లాక్కున్నారు. కానీ ఆ రెండు రోజుల్లోనే తేడా తెలిసింది. జెపర్డీ ఆటగాళ్లలోనూ లైటుని నమ్మేవాళ్లు, గొంతుని నమ్మేవాళ్లు అని రెండు జాతులున్నాయి. 2019లో వరసగా 32 గెలిచిన జేమ్స్ హోల్జ్‌హవర్ అయితే పెన్సిల్‌కి టేపు చుట్టి బజర్ అంత మందం చేసుకుని, ఇంట్లో టీవీ ముందు నిలబడి సాధన చేశాడు. ఈ విషయం చదివాక నా పెన్ను గురించి ఇంట్లో గర్వంగా చెప్పుకున్నాను.

వరస ఎందుకు సాగుతుందో అర్థం కావాలంటే ఇక్కడే షూటింగ్ సంగతి తెలియాలి. టీవీలో రోజుకో ఆట వస్తుంది గానీ, స్టూడియోలో ఒక్క రోజులో ఐదు ఆటలు తీసేస్తారు. ఛాంపియన్ మధ్యలో చొక్కా మార్చుకుని వస్తాడు, అంతే. పొద్దున వచ్చిన కొత్తవాళ్లకి రిహార్సల్‌లో బజర్ పట్టుకునే అవకాశం కాసేపే. ఛాంపియన్ మాత్రం ఐదో ఆటకి వచ్చేసరికి ఆ రోజే దాదాపు 240 క్లూలు ఎదుర్కొని ఉంటాడు. గొంతు తెలుసు, లైట్ల వేగం తెలుసు, టెన్షన్ ఎప్పుడో పోయింది. ఎదుటివాళ్లకి అది జీవితంలో మొదటి ఆట. పైగా ఎపిసోడ్లు ప్రసారమయ్యేది వారాలు, నెలల తర్వాత. అందుకని పోటీకి వచ్చినవాళ్లలో చాలామందికి ఎదురుగా ఉన్నది ఎవరో అదే రోజు పొద్దున తెలుస్తుంది. ఈయన ఇప్పటికి ముప్పై గెలిచాడు అని పరిచయం చేస్తే, సగం మంది అక్కడే ఓడిపోతారు.

బజర్ ఎంత ముఖ్యమో ఇంకా అనుమానం ఉంటే 2011 ఫిబ్రవరి చూడండి. ఐబీఎం వాళ్ల వాట్సన్ కంప్యూటర్ జెనింగ్స్‌తోనూ, మరో మహా ఛాంపియన్ బ్రాడ్ రట్టర్‌తోనూ ఆడింది. చివరికి వాట్సన్ 77,147, జెనింగ్స్ 24,000, రట్టర్ 21,600. మనుషులిద్దరికీ జవాబులు తెలియక కాదు, వాట్సన్ వేలికి వణుకు లేదు. బుర్ర మాత్రం అప్పుడప్పుడు తడబడేది. అమెరికా నగరాల మీద అడిగిన క్లూకి టొరంటో అంది. టొరంటో కెనడాలో ఉందని బడిపిల్లాడు కూడా చెప్తాడు. అయినా గెలిచింది.

రెండో సంగతి డబ్బు. బోర్డులో మూడు చోట్ల డైలీ డబుల్ అనే ప్రత్యేక క్లూ దాగి ఉంటుంది, మొదటి రౌండులో ఒకటి, రెండో రౌండులో రెండు. అది తగిలినవాడికి బజర్ పోటీ లేదు, తన దగ్గరున్న దాంట్లోంచి ఎంత కావాలంటే అంత పందెం కాయొచ్చు. మామూలు ఆటగాళ్లు పైనుంచి చిన్న క్లూలతో మొదలుపెట్టి కిందికి వస్తారు, డైలీ డబుల్ తగిలితే భయం భయంగా వెయ్యో రెండు వేలో పెడతారు. హోల్జ్‌హవర్ వృత్తే స్పోర్ట్స్ బెట్టింగ్. ఆయన బోర్డు అడుగు నుంచి మొదలుపెట్టేవాడు. ఖరీదైన క్లూలు ముందు లాగేసుకుంటే చేతిలో డబ్బు పోగవుతుంది. డైలీ డబుల్ సాధారణంగా కింది వరసల్లోనే ఉంటుంది కాబట్టి అది కూడా త్వరగా దొరుకుతుంది. దొరకగానే చాలాసార్లు ఉన్నదంతా పెట్టేసేవాడు. బోర్డు మీద అటూ ఇటూ దూకడం కొత్తేమీ కాదు, 1985లో చక్ ఫారెస్ట్ చేశాడు, 2014లో ఆర్థర్ చూ చేస్తే ప్రేక్షకులు తిట్టిపోశారు కూడా. అడుగు నుంచి డబ్బు పోగుచెయ్యడాన్ని, మొత్తం ఒడ్డడాన్ని కలిపి ఇంత నిర్దయగా ఆడింది మాత్రం హోల్జ్‌హవరే.

చూసేవాళ్లకి అది దుస్సాహసంలా కనిపిస్తుంది. లెక్క వెయ్యండి. పదింటికి ఎనిమిది సార్లు సరిగ్గా చెప్పగలనన్న నమ్మకం ఉన్నవాడు 5,000 పెడితే, సగటున 3,000 లాభం. వెయ్యే పెడితే లాభం 600. అంత నమ్మకం ఉండి తక్కువ పెట్టడమే తెలివితక్కువ పని. జెనింగ్స్ 74 గెలుపుల్లో సంపాదించింది 25,20,700 డాలర్లు, అంటే ఆటకి దాదాపు 34,000. హోల్జ్‌హవర్ 32 గెలుపుల్లో 24,62,216, ఆటకి దాదాపు 77,000. ఒకే రోజు 1,31,127 కూడా కొట్టాడు. ఇద్దరిలో ఎవరు గొప్ప అని వాదించుకోవడం నాకిష్టం లేదు గానీ, అడిగితే ఓర్పు పరంగా జెనింగ్స్, ఆటని చదవడంలో హోల్జ్‌హవర్ అంటాను. 2020 జనవరిలో జెనింగ్స్, హోల్జ్‌హవర్, రట్టర్ ముగ్గుర్నీ కలిపి ఆడించినప్పుడు జెనింగ్స్ గెలిచాడు. మూడు మ్యాచులు ఆయనవి, ఒకటి హోల్జ్‌హవర్‌ది. రట్టర్‌కి ఒక్క మ్యాచూ దక్కలేదు.

డబ్బు ఎక్కువ పోగెయ్యడం వల్ల వరసకి ఏం లాభం? చివరి క్లూ, ఫైనల్ జెపర్డీలో, అందరూ పందెం కాసి జవాబు రాస్తారు. అప్పటికి మీ దగ్గర రెండోవాడి కంటే రెట్టింపు పైన ఉంటే, వాడు ఉన్నదంతా పెట్టి సరిగ్గా రాసినా మిమ్మల్ని దాటలేడు. మీరు తప్పు రాసినా పోయేదేం లేదు, పందెం అదుపులో పెడితే చాలు. జెనింగ్స్ ఆడిన 75 ఆటల్లో 65 ఇలా ఫైనల్‌కి ముందే తేలిపోయాయి. అదృష్టానికి తలుపు తెరిచింది పదిసార్లే. మీరు అడిగిన వరస రహస్యం ఒక్క చోట వెతకాలంటే ఈ 65 దగ్గర వెతకండి.

ఇక్కడ చిన్న గణితం చెప్పక తప్పదు. ఒక ఆటగాడు ఏ ఆటనైనా గెలిచే అవకాశం నూటికి 90 అనుకుందాం. మామూలు లెక్కలో అదే అద్భుతం. అలాంటివాడు 74 ఆటలు వరసగా గెలిచే అవకాశం రెండు వేలలో ఒకటి కూడా లేదు. పది ఆటలు దాటడానికే మూడింట ఒక వంతు అవకాశం. నూటికి 98 అయితే, 74 గెలిచే అవకాశం అయిదింట ఒకటి కంటే కాస్త ఎక్కువ. అంటే 90కీ 98కీ మధ్య ఎనిమిది మార్కుల తేడా కాదు ఉన్నది, భూమికీ ఆకాశానికీ ఉన్న తేడా. ఆ 98 చదువుతో రాదు. ఓడిపోయే దారులు ఒక్కొక్కటే మూస్తూ పోతే వస్తుంది. తెలియని క్లూకి నొక్కకపోవడం, పందెంలో డాలరు తేడా రానివ్వకపోవడం, ఫైనల్‌కి ముందే ఆట ముగించడం, ఇలాంటివి.

అయినా అదృష్టం వాటా దానికుంటుంది. జెనింగ్స్ మొదటి ఆటే తీసుకోండి. ఫైనల్ క్లూ, ఒకే ఒలింపిక్స్‌లో ఐదు వేర్వేరు అథ్లెటిక్స్ ఈవెంట్లలో పతకాలు గెలిచిన మొదటి మహిళ ఎవరని. జవాబు మారియన్ జోన్స్. జెనింగ్స్ ఇంటిపేరు మాత్రమే రాశాడు, హూ ఈజ్ జోన్స్ అని. జోన్స్ అంటే అమెరికాలో ఎంతమంది ఉంటారో ఊహించుకోండి. న్యాయనిర్ణేతలు ఒప్పుకున్నారు, ఆ పేరుతో వేరే ప్రముఖ మహిళా అథ్లెట్ లేదు కదా అని. ఒప్పుకోకపోయి ఉంటే ఆయన ఆ రోజు మూడో స్థానంలో ఇంటికెళ్లేవాడు. 74 లేదు, ఇరవై అయిదు లక్షల డాలర్లు లేవు, ఇవాళ మీ ప్రశ్నా లేదు. విచిత్రం ఏమిటంటే, డోపింగ్ ఒప్పుకున్నాక 2007లో ఆ అయిదు పతకాలూ జోన్స్ దగ్గర్నుంచి వెనక్కి తీసుకున్నారు.

వరస ఎలా తెగుతుందో చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. 75వ ఆటలో, 2004 నవంబరు 30న ప్రసారమైనదాంట్లో, జెనింగ్స్ రెండో రౌండులో డైలీ డబుల్స్ రెండూ తప్పాడు. 10,200 డాలర్లు పోయాయి. ఫైనల్‌కి ఆయన దగ్గర 14,400, నాన్సీ జెర్గ్ దగ్గర 10,000. రెట్టింపు లేదు, తలుపు తెరుచుకుంది. క్లూ ఇది: ఈ సంస్థకి ఉన్న 70,000 మంది సీజనల్ వైట్ కాలర్ ఉద్యోగుల్లో చాలామంది ఏడాదికి నాలుగు నెలలే పనిచేస్తారు. జెర్గ్ 4,401 పెట్టింది. జెనింగ్స్ 5,601 పెట్టాడు. ఈ అంకెలు ఊరికే వచ్చినవి కావు. జెర్గ్ ఉన్నదంతా పెట్టి గెలిస్తే 20,000 అవుతుంది, దాన్ని ఒక్క డాలరుతో దాటడానికి ఆయనకి 5,601 కావాలి. ఆయన ఏమీ పెట్టకపోతే 14,400 దగ్గరే ఉంటాడు, దాన్ని ఒక్క డాలరుతో దాటడానికి ఆమెకి 4,401 కావాలి. ఇద్దరూ పుస్తకంలో రాసినట్టు ఆడారు. జవాబు హెచ్ అండ్ ఆర్ బ్లాక్, పన్ను రిటర్నులు దాఖలు చేసిపెట్టే కంపెనీ. జెనింగ్స్ ఫెడెక్స్ అని రాశాడు. క్రిస్మస్ రద్దీ అనుకుని ఉంటాడు. 8,799కి పడిపోయాడు, ఆమెకి 14,401. ఆయన పన్నులు ఆయనే కట్టుకునేవాడట, అందుకే ఆ కంపెనీ తట్టలేదు!

హోల్జ్‌హవర్ ఓటమి గురించి ఇప్పటికీ ఒక అపవాదు తిరుగుతుంటుంది, కావాలనే ఓడిపోయాడని. 2019 జూన్ 3న ప్రసారమైన ఆ ఆటలో ఫైనల్‌కి ఎమ్మా బోచర్ దగ్గర 26,600, హోల్జ్‌హవర్ దగ్గర 23,400, మూడో ఆయన దగ్గర 11,000. లక్షలు పోగేసినవాడు, ఎప్పుడూ భారీగా పెట్టేవాడు, ఆ రోజు 1,399 మాత్రమే పెట్టాడు. జెనింగ్స్ రికార్డుకి 58,484 డాలర్ల దూరంలో ఉండి ఇలా చేశాడేమిటని జనం ఆశ్చర్యపోయారు. నేను కూడా మొదట అనుకున్నాను, తర్వాత కాగితం తీసుకుని లెక్కేశాను. హోల్జ్‌హవర్ ఉన్నదంతా పెట్టినా 46,800. దాన్ని దాటడానికి బోచర్ 20,201 పెడుతుంది, లెక్క తెలిసిన ఎవరైనా పెడతారు. ఆమె సరిగ్గా రాస్తే ఆయన ఎంత పెట్టినా ఓటమే. ఆమె తప్పు రాస్తే 6,399కి పడిపోతుంది, ఆయన ఏమీ పెట్టకపోయినా ఆమెని దాటేస్తాడు. అప్పుడు భయపడాల్సింది మూడో ఆయన గురించే. ఆయన రెట్టింపు చేసుకుంటే 22,000. హోల్జ్‌హవర్ 1,399 పెట్టి తప్పు రాస్తే మిగిలేది 22,001. చూశారా, ఒక్క డాలరు. ఓడిపోయే ఆటలో కూడా లెక్క తప్పలేదు. షేక్‌స్పియర్ కాలం మీద వచ్చిన ఆ క్లూకి ముగ్గురూ మార్లో అని సరిగ్గా రాశారు, బోచర్ 46,801తో గెలిచింది. ఆమె లైబ్రేరియన్. తన మాస్టర్స్ పరిశోధన పత్రం దేని మీదో తెలుసా? జెపర్డీ క్లూలలో ఏది కష్టమో ముందుగా అంచనా వెయ్యగలమా అన్న విషయం మీద.

తర్వాతి పెద్ద వరసల్లో 2021లో మాట్ అమోడియో 38, ఆ ఏడాది చివర మొదలుపెట్టిన ఎమీ ష్నైడర్ 40. అమోడియో మనిషి పేరు వచ్చినా సరే ప్రతిదానికీ వాట్స్ అనే అనేవాడు, హూ అనేవాడు కాదు. వ్యాకరణ ప్రియులకి ఒళ్లు మండింది, రూలు మాత్రం ఒప్పుకుంటుంది. ఆలోచించాల్సిన పని ఒకటి తగ్గించుకున్నాడు, నాకైతే భేషుగ్గా నచ్చింది. ష్నైడర్ 41వ ఆటలో ఫైనల్ క్లూకి ఖాళీగా ఉండిపోయింది. ఇంగ్లీషులో పేరు హెచ్ అక్షరంతో ముగిసే ఏకైక దేశం, అత్యధిక జనాభా ఉన్న పది దేశాల్లో ఒకటి. మనకి బంగ్లాదేశ్ అని టక్కున వచ్చేస్తుంది. నలభై రోజులు ప్రపంచమంతా తెలిసిన మనిషికి ఆ ముప్పై సెకన్లలో రాలేదు.

మీ రెండో ప్రశ్నలో సాధన భాగానికి వస్తే, ఎన్‌సైక్లోపీడియా కంఠస్థం చెయ్యొద్దు. హోల్జ్‌హవర్ లైబ్రరీలో పిల్లల విభాగానికి వెళ్లి బొమ్మల పుస్తకాలు చదివేవాడు. నేను ఏళ్ల తరబడి అందరికీ చెబుతున్నదీ ఇదే, ఎవరూ వినరు, చిన్నతనంగా ఉంటుందని. క్విజ్‌లో ప్రతి విషయం గురించీ అడిగేది పైపై పది ముక్కలే. ఒపెరా గురించి అడిగితే అయిదారుగురు స్వరకర్తలు, పది కథలు, అంతకు మించి లోతుకి వెళ్లరు. పిల్లల పుస్తకంలో సరిగ్గా ఆ పది ముక్కలే బొమ్మలతో సహా ఉంటాయి. బొమ్మతో చదివింది ఒత్తిడిలో కూడా గుర్తొస్తుంది. మీకు అసలు ఇష్టం లేని విషయాలతో మొదలుపెట్టండి, ఇష్టమైనవి ఎలాగూ వస్తాయి. ఆ పైన పాత ఎపిసోడ్లు నిలబడి చూడండి, చేతిలో పెన్ను పట్టుకుని. సోఫాలో కూర్చుని జవాబు చెప్పడం వేరు, నిలబడి, సరైన క్షణంలో నొక్కి, నోరు తెరవడం వేరు. తప్పులు రాసిపెట్టుకోండి, అందులో తెలియక పోయినవెన్నో, వేలు వల్ల పోయినవెన్నో విడివిడిగా. మొదటి వారం మీరు ఆశ్చర్యపోతారు.

అన్నట్టు, జెనింగ్స్‌ని ఓడించిన నాన్సీ జెర్గ్ తర్వాత ఏమైందని చాలామంది అడుగుతారు. 74 ఆటల వీరుణ్ణి పడగొట్టిన మనిషి కదా, ఎన్ని రోజులు గెలిచి ఉంటుందని. మర్నాటి ఆటలోనే ఓడిపోయింది.